భయమును అపాయమును

"నడుముమీద కత్తి పడ్డవాడు మళ్లీ నడవడు" అను మాట మన యూళ్లలో వినని వారుండరు. చెప్పువారు దీనిని సామెతవలె చెప్పుదురు. వినువారు శాస్త్రమువలె విందురు. ఈ నమ్మకము చదువురాని వారియందే కలదనుకొందమన్న, అదియు నిజము కాదు. మా పాఠశాలలో ఉపాధ్యాయుల గదియందు గణితము బోధించువారును, జీవశాస్త్రము బోధించువారును ఇదే మాట చెప్పుకొనుచుండగా మేము పలుమారులు వింటిమి. మేమును చెప్పితిమి. చెప్పి యూరకుండక, ఆ మాటను నమ్మి యొక కార్యము చేసితిమి. భయమునకును అపాయమునకును నడుమ దూరమెంత, ఆ దూరమును కొలువకయే ఒరులకు హితము చెప్పుటకు మనకు గల యధికారమెంత యనునది ఇచ్చట మా ప్రశ్న.

మొదట శరీరమును గూర్చి నాలుగు మాటలు. వెన్నెముక ఒంటి స్తంభము కాదు. మెడయందు 7, వీపున 12, నడుమున 5 పూసలును, వాని క్రింద ఒండొంటితో అతుకుకొనిపోయిన త్రికాస్థియు, తోకయెముకయు కలిసి దండవలె కూర్చబడినది. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ల యొకటి యుండును. దానినే డిస్కు అందురు. పూసల వెనుకనున్న కాలువలో మెదడునుండి దిగివచ్చిన వెన్నుపాము ఉండును. చాలమంది యెఱుగని సంగతి యేమనగా, ఈ పాము వెన్నెముక పొడవునను దిగదు. పెద్దవారిలో అది నడుముపూసలలో మొదటిదానియొద్దనో రెండవదానియొద్దనో ముగియును. అటనుండి క్రిందికి పోవునది నరముల కుచ్చు మాత్రమే. వైద్యులు లాటిను భాషలో దానికి గుఱ్ఱపుతోక యని పేరు పెట్టిరి. డిస్కు జారుట తఱచుగా నాలుగవ యైదవ పూసల నడుమను, ఐదవ పూసకును త్రికాస్థికిని నడుమను జరుగును. అనగా సాధారణముగా కత్తి పడుచోట వెన్నుపామే లేదు. వేదాంతులు త్రాటిని చూచి పామని భ్రమించినవాని కథ చెప్పుదురు. మనవారు త్రాడైన లేనిచోట పామును చూచుచున్నారు.

ఇంతమాత్రమున అచ్చట అపాయమే లేదని మేమనము. నరములున్నవి. ఒక నరమునకు దెబ్బ తగిలిన పాదము వ్రాలిపోవచ్చును, తిమ్మిరి నిలిచిపోవచ్చును. అది అరుదు, రెండు కాళ్లును పడిపోవుట అంతకంటె మిక్కిలి యరుదు. మెడలోను వీపునను చేయు శస్త్రచికిత్సల మాట వేఱు. అచ్చట పాము నిజముగనే యున్నది, అపాయమును హెచ్చు. మన సామెత యీ భేదమును పాటింపదు. దానికి నడుమైనను మెడయైనను, డిస్కయినను క్షయయైనను ఒక్కటే.

ఇక మా కార్యము. 2011 వ సంవత్సరమున జరిగినది. మా పెద్దక్కగారికి అప్పటికి రెండేండ్లనుండి నడుమునొప్పి. అది ఎడమకాలిలో పిక్కవఱకు లాగుచుండెను. మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధికి గృధ్రసి యని పేరిడిరి; రోగి గ్రద్దవలె కుంటుచు నడచునని కాబోలు. ఒకనాటి సాయంకాలము ఆమె పంపునొద్ద నీళ్లబిందె నెత్తి చంకబెట్టుకొనుచు నడుము పట్టుకొని కూలబడెను. రాత్రికి రెండుకాళ్లలోను పోటు. తెల్లవారునప్పటికి మూత్రము బంధించెను. కూర్చుండుచోట చేయి వేసికొన్న స్పర్శ తెలియకుండెను. ఆమె యీ రెండవ సంగతిని సిగ్గుచేత ఎవ్వరితోను చెప్పలేదు. పట్టణములోని యాసుపత్రిలో నర్సమ్మ యడిగినప్పుడు చెప్పెను. వైద్యుడు స్కానింగు తీయించి చూచి, గొట్టము వేయించి మూత్రము తీయించి, బయటికి వచ్చి, పెద్దముక్క యొకటి జారి నరముల కుచ్చును నొక్కుచున్నదనియు, ఆనాడే శస్త్రచికిత్స చేయవలసియున్నదనియు, ఒక్కొక్క గంటయు విలువైనదనియు చెప్పెను. ఆయన యువకుడు. ఆయన యౌవనము కూడ మాకు అనుమానకారణమయ్యెను.

ఆసుపత్రి వరండాలో సభ కూడినది. మా బావగారు, వారి యన్నగారు, మా తండ్రిగారు, ఇద్దఱు మేనమామలు, మేము. ఆరుగురము మగవారము. పెద్ద మేనమామగారు, "మన రైసుమిల్లు గుమాస్తా సంగతి మరిచిపోయారా? ఆపరేషను చేయించుకున్నాడు, కఱ్ఱ పట్టుకుని కాలీడుస్తున్నాడు" అనిరి. ఆ యొక్క మాటతో సభ ముగిసినదనవచ్చును. గుమాస్తాను మేమందఱము చూచినవారమే. మిల్లుగేటుకడ కఱ్ఱతో అతడు నిలుచుండుట మా కన్నులకు కట్టినట్లుండెను. వైద్యుడు చెప్పిన కారణములు చెవికి తగిలినవి. గుమాస్తా కఱ్ఱ కంటికి తగిలినది. కన్నే గెలిచెను. తరువాత మా తండ్రిగారు మా వంక తిరిగి, "చదువుకున్నవాడివి, నువ్వేమంటావు?" అని యడిగిరి. మేము, "తొందరపడవద్దు, ఇంకొకరికి చూపించి నిశ్చయించుకొందాము" అంటిమి.

ఈ మాట పైకి వివేకముగా కనబడును. సామాన్యముగా ఇది వివేకమే. నడుము శస్త్రచికిత్సలలో అధికభాగము వారములకొలది యాలోచించి నిశ్చయించుకొనదగినవే. కాని ఆనాటి యవస్థ వాయిదాకు తగినది కాదని వైద్యుడు స్పష్టముగా చెప్పియుండెను. మాకు వేసినది భయము. ఆ భయముమీద వివేకమను ఉత్తరీయమును కప్పి సభలో కూర్చుండబెట్టితిమి. ఒకదినము ఆమెను ఇంటికి చేర్చుటతో గడచెను. మఱునాడు కట్లు కట్టువానియొద్దకు కొనిపోగా అతడు నూనె మర్దనము చేసి పసరుకట్టు వేసెను. మూడవనాడు ఆ కట్టు గుణమిచ్చునని కాచుకొంటిమి. నాలుగవనాటి రాత్రి వేఱొక పట్టణమున శస్త్రచికిత్స జరిగెను. కాళ్లలోని పోటు పోయెను, నెలలోపల నడచెను, మూత్రాశయము మాత్రము పూర్తిగా తిరిగి రాలేదు. నేటికిని ఆమె గొట్టము నుపయోగింపవలసిన దినములు కలవు. దూరపు బస్సు ఎక్కదు. పెండ్లిండ్లకు రమ్మని పిలిచినవారితో ఏదో యొక నెపము చెప్పును.

ఇట్టి యవస్థలో ఒత్తిడిని రెండుదినములలోపల తొలగించినవారికి ఫలితము మెఱుగుగా నుండెనని 2000 లో పలు పరిశీలనలను ఒక్కచోట చేర్చి ప్రకటించిన వ్యాసమొకటి తేల్చినది. ఎంత త్వరగా చేసినను కొందఱికి పూర్తిగా నయము కాకపోవుటయు కలదు. కావున ఆనాడే చేయించియున్న మా యక్కగారు నిక్కముగా బాగుపడియుండునని మేము ప్రమాణము చేయలేము. మేము చేయగల ప్రమాణమొక్కటే: ఆ మూడుదినములు మావి కావు, ఆమెవి, వానిని మేము వ్యయము చేసితిమి.

రెండేండ్లు గడచిన పిదప మా మనసూరకుండక, గుమాస్తాను చూడబోతిమి. అంతవఱకు మాలో నొక్కడును అతనిని అడిగినవాడు కాడు. అతని కథ యిది. వీపుపూసలకు క్షయ పట్టినది. గ్రామములో నెలలకొలది నొప్పిమాత్రలు మ్రింగి గడపినాడు. ఒకనాటికి రెండుకాళ్లును చచ్చుబడినవి. అప్పుడు విశాఖపట్టణమునకు చేర్చి శస్త్రచికిత్స చేయించిరి. పిమ్మట ఏడాదికి పైబడి మందులు వాడెను. "నన్ను మంచంమీద మోసుకుపోయారండి. కఱ్ఱ పట్టుకుని నడిచి వచ్చాను. మీరంతా కఱ్ఱనే చూశారు, మంచాన్ని చూడలేదు" అనెను. అతడు నిష్ఠురముగా అనలేదు. కాఫీ తెప్పించి యిచ్చుచు అనెను. మేమా కాఫీ త్రాగి వచ్చితిమి.

పూసల క్షయ మనదేశమున నేటికిని కలదు. ఆంగ్లదేశపు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779 లో దీనిని వర్ణించుటచేత ఆయన పేరే దానికి నిలిచినది. గుమాస్తా కథ విన్నవారు పూసల క్షయకెల్ల కత్తియే గతియని యెంచుకొనవచ్చును, అదియు పొరపాటే. కాశీలో డాక్టరు టూలీగారు మధ్యమార్గమని పిలిచిన పద్ధతిని, దాని ఫలితములను 1975 లో ప్రకటించిరి. అందఱికిని మొదట మందులు, మందులతో నరములు కోలుకొననివారికి మాత్రము శస్త్రము అనునది దాని సారము. కాలమునకు మందు పడినచో అధికసంఖ్యాకులకు కత్తియే యక్కఱలేదు. గుమాస్తాకు కీడుచేసినది కత్తి కాదు, కత్తికి ముందు గడచిన నెలలు. మా యక్కగారి సంగతియు అంతే.

ఇంకొక సంగతి యప్పుడు మాకు స్ఫురించినది. చికిత్స ఫలింపనివాడు ఊరికెల్ల కనబడును. ఫలించినవాడు జనములో కలిసిపోవును. నీళ్లబిందెతో పోవుచున్న స్త్రీని చూపి, ఈమెకు పదేండ్లక్రిందట నడుమునకు ఆపరేషను జరిగినదని ఎవ్వరు చెప్పుదురు? మేము విచారింప మొదలుపెట్టిన తరువాత మా పాఠశాలలోనే చిత్రలేఖనోపాధ్యాయునకు డిస్కు తీసిరని తెలిసినది. ఆరేండ్లు మా ప్రక్కకుర్చీలో కూర్చుండినవాడు! "కూతురికి సంబంధాలు చూస్తున్నాను కదండీ, తండ్రికి వెన్నెముక ఆపరేషనంటే వంశంలో లోపమనుకుంటారు" అని దాచెనట. పెండ్లిసంత మన శాస్త్రజ్ఞానమును కూడ ఈ విధముగా దొంగిలించుచున్నది. బాగుపడినవారు నోరు మూసికొనిన లోకమునకు కఱ్ఱలే మిగులును.

భయములన్నియు కల్పితములని మేమనము. కొన్నింటికి తండ్రి కలడు. తండ్రి పోయిన పిమ్మటను బిడ్డ బ్రతికియుండును. శస్త్రచికిత్సకై వెన్నులో మత్తుసూది వేయు పద్ధతిని 1898 లో జర్మనీదేశపు కీల్ నగరమున ఆగస్టు బీర్ అను వైద్యుడు ప్రారంభించెను. ఆయన ఆ సూదిని తనకును వేయించుకొన యత్నించెను. పిచికారి సరిగా అమరక, వెన్నులోని ద్రవము కారిపోయి, కొన్ని దినములు తలనొప్పితో పడకనుండి లేవలేకపోయెను. సూదిచేత కొందఱికి తలనొప్పి వచ్చుట నిజమే, అది కొలదిదినములలో పోవుటయు నిజమే. 1947 అక్టోబరులో ఆంగ్లదేశమున చెస్టర్‌ఫీల్డ్ నగరపు ఆసుపత్రిలో ఒకేనాడు ఇద్దఱు పురుషులకు సూది వేయగా నడుము క్రిందిభాగము శాశ్వతముగ పడిపోయినది. వ్యాజ్యము నడచినది. మందుసీసాల కంటికి కానరాని బీటలగుండ వానిని నిలువయుంచిన ఫినాలు లోపలికి ఇంకినదని న్యాయస్థానము అంగీకరించి, ఆనాటి జ్ఞానమునుబట్టి అది వైద్యునకు తెలియదగినది కాదని 1954 లో తీర్చెను. సూదులను మరగించు పాత్రలోని ఆమ్లమే కారణమైయుండునని తరువాతివారు కొందఱు వాదించిరి. కారణమేదైనను, అది ఆనాటి సామగ్రికి చెందిన లోపము. కాని యా వార్త పుట్టించిన భయముచేత ఆ దేశమున వైద్యులే పెక్కేండ్లు ఆ సూదికి వెనుదీసిరి. చదువుకొన్నవారిలో, వైద్యులలో ఇట్లుండగా మన గ్రామములలోని తల్లులు "కాన్పులో వెన్నుకు సూది పొడిచారు, అప్పటినుంచీ ఈ నడుమునొప్పి" అనుటలో ఆశ్చర్యమేమి? సూది గ్రుచ్చినచోట కొన్నిదినములు సలుపవచ్చును. ఏండ్లతరబడి నొప్పికి అది కారణమని పరిశోధనలలో తేలలేదు. గర్భభారము, నిద్రలేని రాత్రులు, బిడ్డను చంకనెత్తుకొనియే చేసిన చాకిరి, వీనిపై ఎవ్వరును నింద మోపరు. సూదిమీద మోపుట సుళువు, అది పరాయివాడు పొడిచినది కనుక.

ఇట్లే మేము కత్తికి భయపడినంతగా నీటికి భయపడలేదు. నాటి నెల్లూరు జిల్లాలో త్రాగునీటి ఫ్లోరైడుచేత ఎముకలు బిగిసిపోవు వ్యాధి కలదని 1937 లోనే వైద్యపత్రికయందు ప్రకటితమైనది. నల్లగొండ ప్రాంతమున తరతరములు ఆ నీరు త్రాగి వంగిపోయినవి. ఈ వ్యాధి ముదిరినవారికి పూసలకాలువ యిఱుకై పాము నలిగిపోవును. బంధనములన్నియు ఎముకలైపోయి యుండుటచేత శస్త్రవైద్యునకును అది కష్టతరమైన పని. అచ్చట కడపట వచ్చు కత్తినిగూర్చి కథలు చెప్పుకొనిరి గాని, ప్రతిదినము కడవతో వచ్చినదానిని గూర్చి చెప్పుకొనినవారు తక్కువ.

ఇక నిజమైన అపాయములు. నడుము డిస్కుకు చేయు శస్త్రచికిత్స నేటిది కాదు. జారిన డిస్కు నరమును నొక్కుటయే కాలిలోని పోటునకు కారణమని మిక్స్‌టర్, బార్ అను అమెరికా వైద్యులు 1934 లో నిరూపించి, దానిని తీసివేయు మార్గము చూపిరి. 1977 నుండి సూక్ష్మదర్శినితో చిన్నగాటుగుండ చేయు పద్ధతి వ్యాపించినది. అయినను అపాయము లున్నవి. నరములను కప్పియుండు పొర చినుగవచ్చును. మొదటిమాఱు చేయు శస్త్రములలో ఇది నూటికి మూడు నాలుగింట జరుగుచుండును. చూచి కుట్టివేసిన పెక్కుమందికి చిక్కు రాదు. గాయము చీము పట్టవచ్చును. కాలిసిరలలో నెత్తురు గడ్డకట్టవచ్చును. ఒక పూసకు మాఱుగా వేఱొక పూసకడ కోసిన సందర్భములు కూడ లోకమున కలవు. అందుకే బల్లమీదనే మరల ఎక్స్‌రే చూచుకొందురు. తీసినచోటనే మఱల డిస్కు జారుట నూటికి ఐదుగురు మొదలు పదిహేనుగురవఱకు కలదు. మత్తుమందునకు సహజమైన అపాయములు సరేసరి. గుండెజబ్బు, మధుమేహము కలవారికవి హెచ్చు.

వీనిని విని భయపడువారు కలరు. కాని యన్నింటికంటె తఱచుగా వచ్చు కీడు వీనిలో లేదు. దానిని గూర్చి మన సామెతలో ఒక్కమాట లేదు. శస్త్రచికిత్స చక్కగా జరిగి, గాయము మాని, కాళ్లు క్షేమముగ నుండి, నొప్పి మాత్రము పోకుండుట! మన మడుగవలసిన ప్రశ్న "కాళ్లు పడిపోవునా?" యనునది మాత్రమే కాదు, "ఈ నొప్పికి ఈ డిస్కే కారణమని మీకెట్లు తెలిసినది?" అనునది అంతకంటె ముఖ్యము. 2015 లో ప్రకటితమైన యొక పరిశీలన, ఏ నొప్పియు లేని 3110 మంది స్కానింగులను సమీకరించి చూచినది. ఇరువదియేండ్లవారిలోనే నూటికి 37 మందికి డిస్కు అరిగినట్లు కనబడెను. ఎనుబదియేండ్లవారిలో 96 మందికి. నెరసిన వెండ్రుకలవలె ఇవియు వయసుతో వచ్చునవి. కావున స్కానింగు కాగితముపై "డిస్కు అరిగినది, ఉబ్బినది" యని యుండుటయే కత్తికి ఆజ్ఞాపత్రము కాదు.

ఈ సత్యమును మేము రెండవ పొరపాటుచేత నేర్చికొంటిమి. అక్కగారి విషయమున తప్పుచేసితిమని పశ్చాత్తాపము పొందినవారము గనుక, తరువాత మాయొద్దకు నడుమునొప్పియని వచ్చినవారికెల్ల ధైర్యము చెప్పుట మొదలుపెట్టితిమి. మా సహోద్యోగి యొకనికి కాలిలోనికి లాగుట లేదు, తిమ్మిరి లేదు, నడుములో మాత్రము ఏండ్లతరబడి నొప్పి. స్కానింగులో రెండు డిస్కులు అరిగినవనిరి. పూసలను మరలతో బిగింపవలెననిరి. అతడు సందేహింపగా మేము, "భయపడకండి, ఇవి మూఢనమ్మకాలు" అని మా యక్కగారి కథ చెప్పితిమి. బిగించిరి. అపాయమేదియు జరుగలేదు. నొప్పియు పోలేదు. కాలిపోటునకు చేయు డిస్కు శస్త్రమునకు గల యాధారము, ఉత్త నడుమునొప్పికి పూసలను బిగించుటకు లేదని మేమటుపిమ్మట చదివితిమి. ముందు చదువవలసినది. మొదట ఒకరిని భయముతో నిలిపితిమి. పిదప ఒకరిని ధైర్యముతో త్రోసితిమి. రెండుమారులును మాకు తెలియనిదానినే చెప్పితిమి.

కాలిపోటునకు సైతము తొందర యెల్లప్పుడు అక్కఱలేదు. 2007 లో హాలండు వైద్యులు తీవ్రమైన గృధ్రసి కల 283 మందిని రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు వెంటనే శస్త్రము, రెండవ తెగకు ముందు ఓపికపట్టుట విధించిరి. ఓపికపట్టినవారిలో నూటికి 39 మందికి ఏడాదిలోపల శస్త్రము తప్పలేదు, తక్కినవారికి తప్పినది. ఏడాది ముగియునప్పటికి రెండు తెగలవారును దాదాపు సమానముగా బాగుపడియుండిరి. వెంటనే చేయించుకొన్నవారికి నొప్పి త్వరగా తగ్గినది, అదియే లాభము. ఆ లాభము తక్కువదా? కూలికి పోయిన గాని పొయ్యి వెలుగనివానికి మూడునెలల నొప్పి మూడునెలల పస్తు. పింఛను వచ్చువానికి ఓపిక చౌక. ఒకే లెక్క ఇద్దఱికి రెండు జవాబుల నిచ్చుచున్నది. అందుచేత జవాబు చెప్పవలసినవాడు ఎవ్వడు అను ప్రశ్నను తప్పించుకొన వీలులేదు.

సుశ్రుతుడు మూత్రాశయములోని రాతిని కోసి తీయు విధానమును చెప్పుచు, చేయకున్న చావు నిశ్చయము, చేసిన సందేహము, కావున వైద్యుడు ప్రభువుతో విన్నవించి యనుమతి గొని చేయవలెనని విధించెను. నిశ్చయమైన కీడును సందేహమైన కీడుతో తూచుట మన ప్రాచీనులకు తెలిసియుండెనని మా తరగతిలో గర్వముతో చెప్పుచుండెడివారము. చెప్పుచు చెప్పుచు ఒకనాడు నోట మాట యాగినది. ప్రభువు ననుమతి యడుగుమనెను. రాయి యెవ్వని కడుపులో నున్నదో వాని నడుగుమన్నట్లు ఆ వాక్యమున లేదు. ఆ కాలమునకది తగియుండవచ్చును. ఆనాటి వైద్యునకు రాజభయము కలదు. 2011 లో వరండాలో సభ తీర్చిన ఆరుగురము ఏ కాలమునకు చెందినవారము?

మనదేశపు సర్వోన్నత న్యాయస్థానము 2008 లో ఒక స్త్రీ వ్యాజ్యమున, చికిత్సలోని లాభమును అపాయమును, మాఱుమార్గములను, చేయించుకొననిచో కలుగు ఫలితమును రోగికి తెలిపి సమ్మతి గొనవలెననియు, తానే నిర్ణయించుకొనగల రోగికి మాఱుగా తల్లి యిచ్చిన సమ్మతి చాలదనియు తీర్పిచ్చినది. ఈ తీర్పు వచ్చిన మూడేండ్లకు, దానిని పత్రికలో చదివిన మేమే, తలుపునకీవల నిలిచి, ఆవల స్పృహతోనే పడుకొనియున్న మా యక్కగారి నడుమునుగూర్చి నిర్ణయము చేసితిమి. ఆమె నడుగవలెనని ఎవ్వరికిని తోచలేదు. వద్దని కాదు, తోచనే లేదు. ఆమెకు భయమని మేమనుకొంటిమి. తరువాత ఎన్నియో యేండ్లకు, పప్పు ఏఱుకొనుచు, "నాకా డాక్టరబ్బాయి మాట నిజమే అనిపించింది తమ్ముడూ. కింద స్పర్శ లేకపోవడం నాకు తెలుసు కదా, మీకేం తెలుసు?" అనెను. పప్పు ఏఱుట మానకయే అనెను.

వైద్యులయెడల అనుమానము ఉట్టిదే యని మేమనము. డబ్బుకు కోయువారున్నారన్న లోకుల మాటలో కొంత నిజము లేకపోలేదు. మా సహోద్యోగి నొప్పిని తలచుకొన్నపుడెల్ల మాకా మాట గుర్తుకు వచ్చును. కాని ఆ యనుమానమునకు విరుగుడు ప్రశ్న యడుగుట గాని, పసరుకట్టు కాదు. మేమడిగియుండవలసిన ప్రశ్నలు నాలుగైదు కంటె లేవు. ఇప్పుడు చేయకున్న ఏమగును? ఎంతకాలము ఆగవచ్చును? చేసిన పోవునది నడుమునొప్పియా, కాలిపోటా? మీరిట్టివి ఎన్ని చేసితిరి? కాకున్న తరువాత ఏమి? మంచి వైద్యుడు వీనికి కోపగింపడు. కోపగించువాని నుండి లేచి వచ్చుటకు తొందర లేనప్పుడు కాళ్లున్నవి కదా.

గత సంవత్సరము కార్తికమాసమున మా యక్కగారికి మఱల కాళ్లు బరువెక్కసాగెను. ఫర్లాంగు నడచిన కూర్చుండవలెను. ముందుకు వంగిన తెఱపి. పాతచోటునకు పైపూసకడ కాలువ యిఱుకైనదని తేలినది. ఈ మాఱు తొందర లేదు. వైద్యుడు నెమ్మదిగా చెప్పెను: నడక మెఱుగగుటకు అవకాశము చాల కలదు, నడుమునొప్పి కొంత మిగులవచ్చును, పాతగాయపు మచ్చయుండుటచేత పొర చినుగుట మొదటిసారికంటె హెచ్చు, మూత్రము సంగతి దీనివలన బాగుపడునని ఆశింపరాదు, చేయించుకొనకున్న నడక ఇంకను తగ్గవచ్చును, ఇట్లే యుండిపోవచ్చును కూడ. మా బావగారు అలవాటుచొప్పున, "మీరెట్లా చెపితే అట్లాగే డాక్టరుగారూ" అనబోయిరి. మేము వారి మోచేయి తాకి, "అక్కా, నువ్వేమైనా అడుగుతావా?" అంటిమి.

ఆమె కొంతసేపు తన చేతులవంక చూచుకొనెను. "చేయించుకుంటే కింద కూర్చుని ముగ్గు పెట్టగలనా డాక్టరుగారూ?" అనెను.

వైద్యుడు కలము బల్లపై పెట్టెను. "మొదటి మూడు నెలలూ వద్దమ్మా. ఆ తరువాత పెట్టగలరనే అనుకుంటాను. మాట ఇవ్వలేను" అనెను.

"అయితే సంక్రాంతి వెళ్లనివ్వండి. ఆలోచించుకుని చెబుతాను" అని ఆమె లేచెను. బావగారు మా వంక చూచిరి. మేమేమియు అనలేదు.